షేడ్ కార్డులో ఒక రంగు, గోడ మీద ఇంకో రంగు

షేడ్ కార్డులో అది లేత బూడిద రంగే. నాలుగు గోడలకూ పూశాక గది మొత్తం నీలంగా కనిపిస్తుంది. మీగడ రంగు అనుకున్నది పసుపై కూర్చుంటుంది. ఇలాంటప్పుడు నింద రంగు కలిపినవాళ్ల మీదికో పూసినవాళ్ల మీదికో పోతుంది. నిజానికి చాలాసార్లు డబ్బాలో ఉన్నది మనం అడిగిన రంగే. కాకపోతే గోడ మీద కంటికి కనిపించేదాన్ని డబ్బాలోని రంగు ఒక్కటే తేల్చదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు, రాత్రి వెలిగే బల్బు, నేల, ఎదురు గోడ, పెయింట్ మెరుపు, అన్నీ అందులో చెయ్యి వేస్తాయి. అందుకే ‘ఏ రంగు బాగుంటుంది?’ అని మొదలుపెట్టడం తలకిందుల పని. ముందు గదిని చూడాలి, తర్వాత రంగు ఎంత లేతగా ఉండాలో తేల్చుకోవాలి, ఏ రంగు అన్నది ఆ తర్వాతి మాట.

పెయింట్ కంటే మార్చడం కష్టమైనవి ఇంట్లో చాలా ఉంటాయి. నేల టైల్స్, వంటగది బండ, అల్మారాల లామినేట్, తలుపుల చెక్క. కర్టెన్లూ సోఫా కూడా సాధారణంగా గోడ రంగు కంటే ఖరీదైనవే. రంగు వేల ఛాయల్లో దొరుకుతుంది, నచ్చిన సోఫా గుడ్డ నాలుగైదు రకాల్లోనే దొరుకుతుంది. కాబట్టి ముందు అవి ఖరారు కావాలి. ఖాళీ ఇంట్లో గోడ రంగు ఎంచేసి తర్వాత దానికి సరిపడే సామాను కోసం తిరగడం దగ్గరే చాలా ఇళ్లలో చిక్కు మొదలవుతుంది.

లేత, ముదురు: అసలు లెక్క ఇక్కడ

ఏ రంగునైనా మూడు ముక్కలుగా విడదీయవచ్చు. అది ఏ కుటుంబానిది, అంటే ఎరుపా, పసుపా, నీలమా అన్నది ఒకటి. ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది. ఎంత గాఢంగా ఉంది, లేదా బూడిద కలిసి ఎంత మందగించింది అన్నది మూడోది. అమెరికన్ చిత్రకారుడు, అధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ఈ మూడింటి మీదే తన రంగుల కొలమానాన్ని నిలబెట్టాడు. ఇంట్లో వాదనలన్నీ మొదటిదాని మీద నడుస్తాయి. గది ఎలా ఉండబోతోందో తేల్చేవి ఎక్కువగా మిగతా రెండూ.

లేతదనానికి పెయింట్ కంపెనీలు ఒక అంకె ఇస్తాయి, దాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి వస్తుందో అది చెబుతుంది. మచ్చలేని నలుపుకు 0, మచ్చలేని తెలుపుకు 100. నిజం పెయింట్లలో మంచి తెలుపు 85 నుంచి 90 వరకు వెళ్తుంది, నలుపు 5 దగ్గర ఆగుతుంది. చాలా షేడ్ కార్డుల్లో వెనకవైపు, లేదంటే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ రంగు వివరాల్లో ఈ అంకె దొరుకుతుంది. రంగు పేరు కంటే ఇదే పనికొస్తుంది.

80కీ 50కీ తేడా వినడానికి పెద్దగా అనిపించదు. కానీ గదిలో వెలుతురు ఒక్కసారి గోడను తాకి ఆగిపోదు, ఒక గోడ నుంచి ఇంకో గోడకు, అక్కడి నుంచి సీలింగ్‌కు తిరుగుతూనే ఉంటుంది. గదిలోని ఉపరితలాలన్నీ ఒకే రంగులో ఉన్నాయనుకుందాం. 80 శాతం తిప్పి పంపే రంగయితే, తిరిగి వచ్చిన వెలుతురంతా కూడితే మొదట పడినదానికి 4 రెట్లు అవుతుంది. 50 శాతం రంగయితే సరిగ్గా మొదట పడినంతే. నేలా, సామానూ, కిటికీలూ ఉన్న నిజం గదిలో తేడా ఇంత ఉండదు. అయినా ఎల్‌ఆర్‌వీ కాస్త దిగగానే లైట్లు తగ్గించినట్టు ఎందుకు అనిపిస్తుందో ఇందులో తెలుస్తుంది. ఒకటే చిన్న కిటికీ ఉన్న పడకగదికి 40 కంటే తక్కువ ఉన్న రంగు వేయాలంటే, అదనపు దీపాలు ఎక్కడ పెడతారో ముందే అనుకోవాలి.

ఇది చదివి, అయితే చీకటి గదికి తెలుపు వేస్తే సరి అనుకునేవాళ్లు ఎక్కువ. అది సగమే నిజం. తెలుపు వెలుతురును పుట్టించదు, ఉన్నదాన్ని తిప్పి పంపుతుంది. వెలుతురు చాలా తక్కువగా ఉన్నచోట తెల్లగోడ మూలల్లో బూడిదగా, నీడలు పడి, మాసినట్టు కనిపిస్తుంది. నీడ ముదురు గోడ మీద కంటే తెల్లగోడ మీదే స్పష్టంగా తెలుస్తుంది కదా. అలాంటి గదికి 55 నుంచి 70 మధ్యలో కాస్త రంగున్న షేడ్ మేలు, ఎందుకంటే చూసేవాళ్లకు అది ఏదో రంగని తెలుస్తుంది, మాసిన తెలుపనిపించదు. పొద్దంతా కిటికీ మూసి ఉండే చిన్న గదినైతే ధైర్యంగా ముదురు చేసి మంచి దీపాలు పెట్టుకోవడమే నయం. చిన్న గదికి లేత రంగే వేయాలన్నది శాసనమేమీ కాదు.

వెలుతురుకూ రంగుంటుంది

భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ దాదాపు రాదు. వచ్చేది ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. దక్షిణం గదికి ఎక్కువసేపు బలమైన ఎండ. దక్షిణార్ధగోళంలో ఈ రెండూ తారుమారు. తూర్పు గది పొద్దున వెచ్చగా, పసుపుగా ఉండి మధ్యాహ్నానికి చల్లబడుతుంది. పడమటి గదిలో మధ్యాహ్నం దాకా ఏమీ జరగదు, సాయంత్రం ఎండ నారింజ రంగులో గోడల మీదికి వస్తుంది. లేత గులాబీ, పీచ్ లాంటివి ఆ వేళకు మండిపోయినట్టు కనిపిస్తాయి.

ఉత్తరపు వెలుతురులో నీలం దాగిన బూడిద రంగు వేస్తే అది నీలమే అవుతుంది. మొదట చెప్పిన కథ అదే. దానికి విరుగుడని నిమ్మపండు పసుపు వేస్తే ఇంకో చిక్కు. చల్లటి వెలుతురులో ఆ పసుపు ఆకుపచ్చ వైపు వాలుతుంది. ఎరుపు వైపు ఒరిగిన పసుపు, గంధం రంగు, ఇటుక ఛాయ కలిసిన లేత రంగులు అక్కడ నిలబడతాయి.

రాత్రి సంగతి బల్బు చేతిలో ఉంటుంది. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 అంటే పసుపు వెలుగు, 4000 మధ్యస్థం, 6500 నీలం తెలుపు. ఒకే గోడ 2700లో మీగడగా, 6500లో సున్నంలా ఉంటుంది. అదే పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. సాధారణ ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. 90 దాటినవి రంగులను, ముఖ్యంగా ఎరుపునూ చెక్క గోధుమ రంగునూ, నమ్మకంగా చూపిస్తాయి. పగటి వెలుతురులో చక్కగా కలిసిపోయిన కర్టెనూ గోడా రాత్రి ట్యూబ్‌లైట్ కింద విడిపోయి కనిపించడం మామూలే. రెండింటిలోనూ వాడిన రంగు పదార్థాలు వేరు కాబట్టి, ఒక వెలుతురులో ఒకటైనవి ఇంకో వెలుతురులో ఒకటి కానక్కర్లేదు. కాబట్టి బల్బులు ముందు మార్చుకోండి, తర్వాత రంగు చూడండి. రంగు వేశాక బల్బులు మారిస్తే చేసిన ఎంపిక మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

తెలుపులో ఏముంది

షేడ్ కార్డులో తెలుపులే పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కటొక్కటిగా చూస్తే అన్నీ తెలుపే. ప్రింటర్ కాగితం ఒకటి తెచ్చి పక్కన పెడితే ఒకటి పసుపని, ఇంకొకటి గులాబీ అని, మరొకటి ఆకుపచ్చ అని బయటపడతాయి. అడుగున దాగిన ఈ ఛాయనే అండర్‌టోన్ అంటారు. బూడిద రంగుల్లోనూ అంతే. నీలం, ఊదా, ఆకుపచ్చ, గోధుమ, ఏదో ఒకటి లోపల ఉండనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఇంకో దారి ఉంది. షేడ్ కార్డులో ఒకే పట్టీ మీద లేత నుంచి ముదురు దాకా రంగులు వరసగా ఉంటాయి. మీరు ఎంచిన లేత రంగును వదిలి, ఆ పట్టీలో అన్నిటికంటే ముదురుదాన్ని చూడండి. అది ఊదాగా ఉంటే, మీ లేత బూడిదలోనూ ఊదా ఉన్నట్టే లెక్క.

తెలుపు ఎంచేటప్పుడు నేలను ఆనుకునే ఎంచాలి. పసుపు ఛాయ ఉన్న నేల పక్కన నీలం ఛాయ తెలుపు వేస్తే నేల మాసినట్టుంటుంది. తప్పు నేలది కాదు. ప్యారిస్‌లోని గోబెలిన్ అల్లిక తెరల కర్మాగారంలో 1824లో అద్దకపు పనులకు పెద్దగా చేరిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్‌కు సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. నల్ల దారం రంగు సరిగా పట్టడం లేదన్నారు. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన అల్లినందువల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశోధించి 1839లో ప్రచురించాడు. పాత ఆకుపచ్చ గోడ మీద కొత్త రంగు నమూనా ఒక చారెడు పూసి చూస్తే ఎందుకు మోసపోతామో దీంతో అర్థమవుతుంది. చుట్టూ ఉన్న ఆకుపచ్చ ఆ చారకు ఎరుపు అంటగడుతుంది. గోడంతా పూశాక ఆ ఆకుపచ్చా ఉండదు, ఆ ఎరుపూ ఉండదు.

చిన్న ముక్కకీ నాలుగు గోడలకీ మధ్య

షేడ్ కార్డు మీద ఉన్నదాని కంటే గోడల మీద రంగు గాఢంగా ఎందుకనిపిస్తుంది? కార్డు మీద వెలుతురు ఒక్కసారి పడి కంటికి చేరుతుంది. గదిలో ఎదురు గోడను తాకిన వెలుతురు కూడా ఈ గోడ మీద పడుతుంది. ఒక మీగడ రంగు, వెలుతురులోని ఎరుపు భాగంలో 80 శాతం, నీలం భాగంలో 60 శాతం తిప్పి పంపుతుందనుకోండి. మొదటిసారి నీలం, ఎరుపులో ముప్పాతిక ఉంది. రెండు గోడలు తాకి వచ్చాక 64కు 36, అంటే సగానికి కాస్త పైన. నీలం తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది. మూలల్లో గోడలు ఒకదానికొకటి దగ్గర కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. అందుకే కార్డు మీద ముచ్చటగా ఉన్న పసుపు, గులాబీ, చిలకపచ్చ గదిలో అరుస్తాయి. ఇలాంటి రంగుల్లో నచ్చినదాని కంటే ఒక మెట్టు బూడిద కలిసినదాన్ని తీసుకోవడం క్షేమం. కార్డు మీద అది కాస్త నీరసంగానే ఉంటుంది, ఉండనివ్వండి.

నేల కూడా ఇదే పని చేస్తుంది. ఎర్రటి నేల మీద ఎండ పడితే తెల్లగోడ కింది భాగం గులాబీ తేలుతుంది. కిటికీ బయట దట్టంగా చెట్లుంటే సీలింగ్‌కు ఆకుపచ్చ అంటుతుంది.

ఇన్ని ఉన్నాయి కాబట్టి నమూనా చూడక తప్పదు, చూసే తీరు మాత్రం మారాలి. రెండడుగుల చదరపు తెల్ల అట్ట లేదా బోర్డు తీసుకోండి. నమూనా డబ్బాలోని పెయింట్‌ను రోలర్‌తో రెండు కోటింగ్‌లు అంచుదాకా పూయండి. బ్రష్‌తో పూస్తే చారలు పడి రంగు వేరేగా కనిపిస్తుంది. ఎమల్షన్, అంటే నీటి ఆధారిత గోడ పెయింట్, తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా, లేతగా ఉంటుంది. నీరు ఆరిపోయి లోపలి జిగురు పారదర్శకం అయ్యాక ముదురుతుంది. కాబట్టి ఆ రోజు తీర్పు చెప్పకండి, మర్నాడు చూడండి. బోర్డును గోడకు ఆనించి నిలువుగా పెట్టాలి. బల్ల మీద పరిచి చూస్తే పైనుంచి వెలుతురు పడి లేతగా కనిపిస్తుంది. కిటికీ పక్కన ఒకసారి, కిటికీ ఉన్న గోడ మీదే ఒకసారి, లోపలి మూలలో ఒకసారి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక. కిటికీ ఉన్న గోడ పగలు ఎక్కువగా నీడలోనే ఉంటుంది, అన్నిటికంటే ముదురుగా కనిపించేదీ అదే. రెండు బోర్డులు చేసి మూలలో ఎదురెదురుగా నిలబెడితే, పైన చెప్పిన గోడల మధ్య ఆట కాస్త తెలుస్తుంది.

ఫోన్ ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి నిర్ణయించడం మాత్రం వద్దు. కెమెరా తనంతట తానే తెలుపును సరిదిద్దుకుంటుంది. మీరు చూడాలనుకున్న అండర్‌టోన్‌నే అది చెరిపేస్తుంది. ఫొటోలో గోడలకు రంగులు మార్చి చూపించే యాప్‌లు ఏ గోడ ముదురు, ఏ గోడ లేత అన్న స్థూలమైన ఆలోచనకు పనికొస్తాయి, షేడ్ ఎంపికకు కాదు. నీలం ప్రశాంతతనిస్తుంది, ఎరుపు ఆకలి పుట్టిస్తుంది లాంటి మాటలు కూడా అంతే, సరదాకి సరే. లేత బూడిద నీలానికీ ముదురు నీలానికీ మధ్య ఉన్న దూరం, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఉన్నదాని కంటే పెద్దది.

మెరుపు, బేస్, లీటర్లు

ఒకే షేడ్‌ను మెరుపు లేని మ్యాట్‌లోనూ, మెరిసే గ్లాస్ రకంలోనూ కొంటే రెండు రంగుల్లా ఉంటాయి. మ్యాట్ వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, రంగు లేతగా, మెత్తగా కనిపిస్తుంది. మెరుపు పెయింట్ ఒక వైపుకు అద్దంలా పంపుతుంది, మిగతా వైపుల నుంచి చూస్తే రంగు గాఢంగా ఉంటుంది. గోడ ఎగుడుదిగుళ్లు, పుట్టీ మరకలు మ్యాట్‌లో దాగుతాయి. మెరుపు పెయింట్‌లో, అందునా కిటికీ పక్కగా వెలుతురు రాసుకుంటూ పోయే గోడ మీద, ప్రతి అలనూ లెక్కపెట్టవచ్చు. మ్యాట్‌కూ ఒక బలహీనత ఉంది. తుడిస్తే తుడిచినచోట మెరుపు తేలుతుంది. ముదురు మ్యాట్ గోడకు భుజాలు రాసుకునే నడవాలో ఇది త్వరగానే బయటపడుతుంది. చేతులు తగిలే చోట, వంటగదిలో, పిల్లల గదిలో శాటిన్ లాంటి మధ్యరకం, సీలింగ్‌కు ఎప్పుడూ మ్యాట్.

రంగు కలిపే యంత్రం ఖాళీ డబ్బాలో మొదలుపెట్టదు. బేస్ అనే మూల పెయింట్‌తో మొదలుపెడుతుంది. తెల్ల బేస్‌లో రంగు చుక్కలు వేస్తే లేత రంగులు వస్తాయి. ముదురు రంగుల బేస్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి చాలా తక్కువ, కొన్నిట్లో దాదాపు ఉండదు. కింది రంగును కప్పేది ఎక్కువగా ఆ టైటానియమే. అందుకే ఎరుపు, నిండు పసుపు, నారింజ రెండు కోటింగ్‌లలో కప్పవు, మూడో నాలుగో కావాలి. ముదురు ఎరుపు కింద బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేస్తే ఒక కోటింగ్ మిగులుతుంది. రంగు ఎంచేటప్పుడే ఇది లెక్కలో ఉండాలి, పెయింటర్ మూడో కోటింగ్ అడిగినప్పుడు కాదు.

ఎంత కావాలి? నునుపైన, ప్రైమర్ వేసిన గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక కోటింగ్‌కు 110 నుంచి 130 చదరపు అడుగుల దాకా వస్తుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి గోడలు 440 చదరపు అడుగులు. 3 అడుగులకు 7 తలుపు ఒకటి, 4 అడుగుల చదరపు కిటికీలు రెండు తీసేస్తే 387. రెండు కోటింగ్‌లకు 774. తక్కువ అంచనాలో 110తో భాగిస్తే 7 లీటర్లు, మిగులుతో 8. గరుకు గోడ ఇంకా ఎక్కువే పీలుస్తుంది. అంతా ఒక్కసారే కొనండి. ఒకే కోడ్ అయినా వేరే రోజు కలిపిన డబ్బాలో చిన్న తేడా రావచ్చు, ఆ తేడా గోడ మధ్యలో పడితే దాగదు. పని మొదలుపెట్టే ముందు డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపేస్తే ఆ భయం ఉండదు.

గోడ సిద్ధంగా లేకపోతే ఎంత మంచి రంగూ నిలవదు. కొత్త సిమెంట్ ప్లాస్టర్‌కు కనీసం నాలుగు వారాలు ఆరడానికి ఇవ్వాలి. లోపలి క్షారం కొన్ని రంగు పదార్థాలను తినేసి పాలిపోయిన మచ్చలు తెస్తుంది. తేమ ఉన్న గోడ మీద ఉప్పు తెల్లగా పొంగుతుంది, అక్కడ ఇంకో కోటింగ్ వేయడం దండగ, నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు ఆపాలి. పుట్టీ అతికించినచోట ప్రైమర్ వేయకుండా రంగు పూస్తే ఆ అతుకు పెయింట్‌ను ఎక్కువ పీల్చి, రంగు ఒకటే అయినా మెరుపు తేడాతో మచ్చగా తేలుతుంది.

రెండు రంగులు కలిసేచోటు లోపలి మూలలో ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన మూల దగ్గర రంగు మారిస్తే అంచు వంకర కనిపిస్తుంది, తగిలి ఊడిపోయినప్పుడు అడుగు రంగూ కనిపిస్తుంది. సీలింగ్‌కు మిరుమిట్లు గొలిపే నీలం తెలుపు వేసి గోడకు మీగడ రంగు వేస్తే గోడ పసుపెక్కినట్టుంటుంది. గోడ రంగు ఫార్ములాలోనే నాలుగో వంతు రంగుతో సీలింగ్ తెలుపు కలిపించుకుంటే రెండూ ఒక ఇంటివాళ్లలా ఉంటాయి. తలుపులకు నూనె ఆధారిత తెల్ల ఎనామెల్ వేస్తే, వెలుతురు తక్కువున్నచోట అది కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది, పక్కనున్న ఎమల్షన్ తెల్లగానే ఉంటుంది. తెలుపు కావాలంటే నీటి ఆధారిత ఎనామెల్ అడగండి.

గదిలో నిలబడితే ఒక్క గదే కనిపించదు, తెరిచిన తలుపులోంచి పక్క గది గోడ కూడా కనిపిస్తుంది. అందువల్ల నమూనా బోర్డులను గది గదికీ విడిగా కాకుండా, హాల్లో నిలబడి కనిపించేచోట్ల ఒకేసారి పెట్టి చూడండి. రంగులు వేరైనా అండర్‌టోన్ ఒకే వైపు ఉంటే అతుకులా అనిపించదు.

పని అయ్యాక షేడ్ కోడ్, బేస్, మెరుపు రకం, తేదీ రాసిన చీటీని డబ్బా మూత ఫొటోతో పాటు దాచండి. అర లీటరు మిగిల్చి గట్టిగా మూత పెట్టి నీడలో ఉంచండి. తర్వాత ఎప్పుడైనా గీతపడితే మ్యాట్ లేత గోడ మీద చిన్న రోలర్‌తో అద్దితే సరిపోతుంది. ముదురు గోడా, మెరుపు గోడా అయితే ఆ మచ్చ దగ్గర ఆగకండి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడంతా మళ్లీ పూయాల్సిందే.